గొంగళి నాలుగు కొసలు

గుంటూరు, బ్రాడీపేట
జూన్

ఒరేయ్ నతానియేలూ,

ఫోను చేయొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలిరా? నా చెవులు పూర్తిగా పోయాయి. మిషను పెట్టుకుంటే పక్కింటి కుక్కర్ విజిలు వినపడుతుంది గాని మనిషి మాట వినపడదు. వాట్సాప్‌లో వేలితో పొడుచుకుంటూ కూర్చోవడం నావల్ల కాదు. జీవితమంతా బోర్డు మీద రాసిన చెయ్యి ఇది. ఉత్తరం రాయి, ఉత్తరం రాస్తాను. పోస్టాఫీసు ఇంకా మూసెయ్యలేదు.

ఈ కవరులో నాటిక ఉంది. మీ నాటక సమితి పెట్టిన వెంకయ్య గారు పోయాక మార్టూరులో కొత్తది ఏదీ వేయలేదనీ, డిసెంబరులో చీరాల పోటీలకి ఏదో ఒకటి రాసిపెట్టమనీ నా ప్రాణం తీశావుగా. రాశాను. తాగుబోతు మొగుడూ, ఏడ్చే పెళ్ళామూ లేరు ఇందులో. మంగోలుల కథ.

ముఖం అలా పెట్టకు, ముందు విను. చెంగిజ్ ఖాన్ పేరు అందరికీ తెలుసు. ఆయన వంశం వాళ్ళు చైనాని కూడా ఏలారు. ఆ తర్వాత అక్కడివాళ్ళు తరిమేస్తే గుర్రాలెక్కి మళ్ళీ తమ గడ్డి మైదానాలకి వచ్చిపడ్డారు. క్లాసులో ఇక్కడిదాకా చెప్పగానే పిల్లలు పుస్తకాలు మూసేవాళ్ళు. తర్వాత ఏమైందని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. అసలు గొడవంతా తర్వాతే ఉంది. సామ్రాజ్యం పోయింది గాని పెద్దరికం మీద మోజు పోలేదు. ఖాన్ అనిపించుకోవాలంటే చెంగిజ్ రక్తం ఉండాలి. బలమేమో ఆ రక్తం లేని సర్దార్ల చేతుల్లో ఉంది. వాళ్ళలో అందరికన్నా పైవాణ్ణి తైషీ అంటారు. ఈ తైషీ ఆ వంశంలోంచి తనకి నచ్చినవాణ్ణి తెచ్చి ఖాన్‌గా కూర్చోబెడతాడు, పెత్తనం తను చేస్తాడు. నచ్చకపోతే ఇంకొకణ్ణి వెతుక్కుంటాడు.

ఎసెన్ అని ఒక తైషీ. చైనా చక్రవర్తినే యుద్ధంలో పట్టి బందీగా తెచ్చిన మొనగాడు. అంత చేసినా ఖాన్ కాలేడు. తైసూన్ అనేవాడికి తన తోబుట్టువునిచ్చి అతన్ని ఖాన్‌గా నిలబెట్టాడు. మొదటి రంగం అది. రెండో రంగంలో వారసుడెవరనే దగ్గర బావా బావమరుదులకి చెడుతుంది, ఖాన్ చస్తాడు. మూడో రంగంలో ఎసెన్ ఇక ఎవరినీ తేడు, తనే ఖాన్‌గా కూర్చుంటాడు. అప్పుడు అలగ్ అనే సేనాపతి వచ్చి, నువ్వు పైకెక్కావు కదా, నీ పాత తైషీ పదవి నాకివ్వమంటాడు. ఎసెన్ ఇవ్వడు. సొంత కొడుక్కిస్తాడు. అలగ్ తిరగబడతాడు, ఎసెన్ దిక్కులేకుండా పారిపోతూ చచ్చిపోతాడు.

ఎసెన్ వేషం నీది. ఇందులో రెండో మాట లేదు.

మరదల్నీ, నా మేనల్లుడు మార్క్‌నీ అడిగానని చెప్పు.

నీ అక్క
జయకుమారి


మార్టూరు
జూలై

అక్కకి వందనాలు.

నాటిక అందింది. ఆ పేర్లు నోరు తిరగడానికే నాకు వారం పట్టింది. మీ మరదలు వంటింట్లోంచి విని ఎవర్ని తిడుతున్నావని అడిగింది. అయినా చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమందక్కా. ఇన్నేళ్ళలో ఇలాంటి వేషం నా చేతికి రాలేదు.

ఆదివారం చర్చి అయ్యాక అందర్నీ పోగుచేసి చదివాను. రిహార్సల్ ఎప్పటిలాగే చైతన్య బాబు గ్రానైటు పాలిషింగ్ షెడ్డులోనే. వెంకయ్య గారి అబ్బాయి, నీకు గుర్తుండే ఉంటాడు. యూనిట్ ఇదివరకటిలా నడవట్లేదు, సగం మిషన్లు ఆగిపోయే ఉన్నాయి. అయినా మనకి షెడ్డు ఇవ్వడం మానలేదు. మన కరీముల్లా ఆటో బయట పెట్టుకుని వచ్చాడు. అలగ్ వేషానికి వాణ్ణి మించినవాడు లేడు, ఆ గొంతు అలాంటిది. మార్క్ ఎసెన్ కొడుకు. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు సర్దార్లు.

ఖాన్ పేరు వినపడగానే చైతన్య బాబు, ఖాన్ అంటే రాజే కదా, అయితే అది నాదేగా అన్నాడు. ఎన్ని మాటలున్నాయో అడగలేదు. సమితి పుట్టినప్పటినుంచీ కిరీటం పెట్టింది వాళ్ళింటివాళ్ళేనని నీకు తెలుసు. ముందు పెద్దాయన, తర్వాత బాబు. ఎవరూ పెట్టిన రూలు కాదు, ఎవరూ దాటనూ లేదు. నాకు డైరెక్షన్ ఇచ్చారు, సెక్రటరీని చేశారు, సామాను గది తాళాలిచ్చారు. ముప్పై ఏళ్ళుగా మంత్రినీ, సేనాపతినీ, మునినీ, దూతనీ. ఒకసారి గుర్రాన్ని కూడా, వెనక కాళ్ళు.

సరే, మొదటి రంగం చదివాను. ఖాన్ కూర్చుని ఉంటాడు. 'అలాగే తైషీ' అంటాడు. మళ్ళీ 'అలాగే తైషీ' అంటాడు. అందరూ టీ గ్లాసుల్లోకి చూస్తున్నారు. బాబుకి మాత్రం ఏమీ అనిపించలేదు, కిరీటం కొత్తది చేయించాలా అని అడిగాడు.

మూడో రంగంలో, ఎసెన్ ఖాన్‌గా కూర్చుంటాడు అని ఉన్నచోట నేను ఆగిపోయాను. టైమైందని చెప్పి పుస్తకం మూసేశాను. ఆ రంగం ఇంకా వాళ్ళకి చదవలేదు.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఎసెన్ కూర్చోకుండా నిలబడే ఆ మాటలన్నీ చెప్తే కుదరదా?

నీ తమ్ముడు
నతానియేలు


గుంటూరు
ఆగస్టు

ఏరా, నిలబడి చెప్తావా?

చైనా చక్రవర్తిని పట్టుకొచ్చినవాడు నిలబడి చెప్తాడా? కోప్పడకు అని ముందే రాసి కోపం తెప్పించే గుణం నీకు చిన్నప్పటినుంచీ ఉంది. నువ్వు డైరెక్టరువి. ఆ షెడ్డులో నువ్వు నిలబడమన్నవాడు నిలబడాలి, నువ్వు కూర్చోమన్నవాడు కూర్చోవాలి. నువ్వేమో నీకు నువ్వు కూర్చోవడానికి గుంటూరు నుంచి అనుమతి తెప్పించుకుంటున్నావు. సిగ్గులేదురా?

ఆ 'బాబు' ఏమిటి? వాడికి నలభై దాటాయి. నీకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు నిన్ను 'నతానీ' అని పిలుస్తాడు, నువ్వు 'బాబుగారూ' అంటావు. నోటికి అలవాటైందని చెప్పకు.

సింహాసనం సంగతి. నువ్వు వెంకయ్య గారింటి నగిషీల కుర్చీ తెచ్చి పెడతావని నాకు తెలుసు. అక్కర్లేదు. మంగోలులకి కుర్చీ లేదు. కొత్త ఖాన్‌ని తెల్లటి ఊలు దుప్పటి మీద కూర్చోబెట్టి, సర్దార్లు నాలుగు కొసలూ పట్టుకుని పైకెత్తుతారు. అలా ఎత్తితేనే ఖాన్. ఎవరూ ఎత్తకపోతే వాడు దుప్పటి మీద కూర్చున్న మామూలు మనిషి. కాబట్టి మంచి గొంగళి ఒకటి సంపాదించు. కిరీటం కూడా తీసిపారెయ్, కుచ్చుల టోపీ చాలు.

ఇంకో మాట. వెంకయ్య గారు పోయి ఏడాది దాటినా మీ సమితికి అధ్యక్షుడు లేడు. వచ్చే నెల సర్వసభ్య సమావేశం పెడతారని తెలిసింది. నువ్వు నిలబడు. ఎవరో అడుగుతారని చూడకు. నువ్వు లేకపోతే ఆ సమితిలో తెర కూడా పైకి లేవదని ఊరందరికీ తెలుసు, నీకొక్కడికే తెలియదు.

కూర్చుని చెప్పు. విన్నావా?

జయ


మార్టూరు
సెప్టెంబరు

అక్కకి వందనాలు.

నువ్వు తిట్టిన తిట్లు పనిచేశాయి. నేను అధ్యక్షుణ్ణయ్యాను.

ఎలా అయ్యానో నాకే తెలియదు. సమావేశంలో బాబు తన పేరు ఎవరో ఒకళ్ళు చెప్తారని పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. కరీముల్లా లేచి, మా నతానియేలు మాస్టారు ఉండగా ఇంకొకరి పేరెందుకు అన్నాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. బాబు పేపరు మడిచి, సంతోషం అన్నాడు. నిజంగా సంతోషమో ఏమో, ముఖం చూస్తే ఏదీ తెలియలేదు. ఇంటికొస్తే మీ మరదలు ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తానంది. మన ఇళ్ళలో అలాంటివి చేయరు గదే అంటే, ఈ ఒక్కసారికి దేవుడు చూడడులే అంది.

నేను ఖాళీచేసిన సెక్రటరీ పని మార్క్‌కి అప్పజెప్పాను. కరీముల్లా అడిగాడు గాని, వాడు ఎక్కడుంటాడో ఎప్పుడుంటాడో తెలియదు, ఆటో బాడుగ వస్తే అద్దంకి వెళ్ళిపోతాడు. మార్క్ అయితే ఇంట్లోనే ఉంటాడు, కంప్యూటర్ తెలుసు, లెటర్లు అవీ టైపు చేస్తాడు. సదుపాయం కదా.

గొంగళికి పడిన పాట్లు చెప్పాలి. మన గొర్రెలోళ్ళ దగ్గర అన్నీ నల్లవే, తెల్ల గొంగళి అడిగితే నవ్వారు. చివరికి నల్లదే తెచ్చి, షెడ్డులో గ్రానైటు కోసిన తెల్లపొడి దానికి పట్టించాం. స్టేజీ మీద లైటు పడితే వెన్నలా ఉంటుంది. దులిపితే మాత్రం అందరం దగ్గుతాం.

మూడో రంగం చదివాను. బాబుకి అప్పుడు తెలిసింది, రెండో రంగంలో తను చచ్చాక ఖాన్‌గా నేను కూర్చుంటానని. తర్వాత రెండ్రోజులు రాలేదు. మళ్ళీ వచ్చి ఏమీ జరగనట్టు కూర్చుంటున్నాడు. విచిత్రమేమిటంటే తన వేషం అయిపోయినా ఇంటికి వెళ్ళడు. నా డైలాగులన్నీ కంఠతా పట్టేశాడు. నేను తడబడితే అందిస్తున్నాడు. ఎందుకో అర్థం కావట్లేదు.

కుర్రాళ్ళు నన్ను ఎత్తడం ప్రాక్టీసు ఇంకా మొదలెట్టలేదు. ముందు మాటలు వస్తే చాలని వాయిదా వేస్తున్నాను.

నీ తమ్ముడు
నతానియేలు


గుంటూరు
సెప్టెంబరు ఆఖరు

ఒరేయ్ గాడిదా,

మూడో రంగం చదివానని రాశావు. రోజూ రిహార్సల్ చేస్తున్నావు. కరీముల్లా రోజూ నీ ఎదురుగా నిలబడి నీ పాత పదవి నాకివ్వమని అడుగుతున్నాడు. నువ్వు రోజూ నా కొడుక్కిచ్చానంటున్నావు. ఇంటికొచ్చి ఏం చేశావు?

ఆ డైలాగు చెప్తున్నప్పుడు కరీముల్లా ముఖం ఎలా ఉంటోందో ఎప్పుడైనా చూశావా? నీ పేరు చెప్పింది వాడు. లేచి నిలబడింది వాడు. వాడికి సదుపాయం కాదని కొడుక్కిచ్చావా? లోకంలో నాటకాలాడేవాళ్ళు ఎందరో ఉంటారు గాని, ఆడుతున్న నాటకంలోని తప్పు రిహార్సల్‌కి రిహార్సల్‌కి మధ్యలో చేసినవాణ్ణి నిన్నే చూశాను.

వెంటనే వెళ్ళి వాడికిచ్చెయ్. మార్క్‌కి నేను చెప్తాను, వాడు నా మాట వింటాడు.

జయ


మార్టూరు
అక్టోబరు

అక్కకి,

నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది పంపిస్తున్నాను.

నాటకం వేరు, మనిషి వేరు. నేను ఎసెన్ని కాను, వాడు అలగ్ కాదు. నేను మిరపచేనుకి తడులు పెట్టడం, బిడ్డకి ఒక పని చూపించడం, ఇవన్నీ నీకు చరిత్రలాగే కనిపిస్తే నేనేం చేయను? నా జీవితంలో మొదటిసారి నాకని ఒకటి దొరికింది. నా కొడుక్కి ఒకటి ఇచ్చుకున్నాను. వెంకయ్య గారు తన కొడుక్కి ఇచ్చుకుంటే ఎవరూ గాడిద అనలేదు.

ఇంకొకటి. నిన్న రిహార్సల్లో చైతన్య బాబు మాటల మధ్యలో, మీ అక్కయ్యగారు కాఫీ బాగా పెడతారు అన్నాడు. ఎప్పుడు తాగారని అడిగితే ఆగస్టులో గుంటూరు వెళ్ళినప్పుడన్నాడు. ఆగస్టులో నువ్వు నాకు ఉత్తరం రాశావు. అందులో గొంగళి ఉంది, తిట్లున్నాయి, ఆ మనిషి వచ్చిన సంగతి లేదు. నన్ను నిలబడమన్నావు. వాడికేం చెప్పి పంపావు? వాడు నా డైలాగులు ఎందుకు నేర్చుకుంటున్నాడు? నన్ను దించి వాణ్ణి ఎక్కిస్తారా ఇద్దరూ?

రాత్రంతా ఆలోచించాను. నీ కథలో ఎసెన్ కూర్చున్న తర్వాత రెండు పేజీల్లో చచ్చిపోతాడు. ఖాన్ ఏమీ చేయకుండా కూర్చుంటే ఎవరికీ బాధ లేదు. కష్టపడినవాడు ఒక్కసారి కూర్చుంటే అందరూ వదిలేస్తారు, వాడు దిక్కులేని చావు చస్తాడు. ఇదేనా నాకోసం రాసింది? నువ్వు నన్ను కూర్చోబెట్టడానికి రాశావా, కూర్చుంటే ఏమవుతుందో చూపించడానికి రాశావా? చెప్పక్కా. నాకు నిజంగా అర్థం కావట్లేదు.

కరీముల్లా ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. డైలాగు చెప్తాడు, వెళ్ళిపోతాడు. కుర్రాళ్ళిద్దరూ వాడి వెనకే తిరుగుతున్నారు.

నతానియేలు


గుంటూరు
నవంబరు

నా తమ్ముడికి,

అవును, వచ్చాడు. చెప్పలేదు.

నువ్వు మూడో రంగం చదవకముందే మీ మార్క్ ఫోనులో తీసిన ఫొటోల్లో నాటిక మొత్తం చైతన్య చూసుకున్నాడట. తన ఖాన్ చచ్చాక ఎసెనే ఖాన్‌గా కూర్చుంటాడని సెప్టెంబరులో తెలియడం అంతా నటన, అతనికి ముందే తెలుసు. వాడరేవు నుంచి ఎండుచేపలు తెచ్చాడు నాకోసం. మర్యాదగానే మాట్లాడాడు. నా చెవుల సంగతి తెలిసి పలక మీద రాసి చూపించాడు. అతను అడిగిందేమిటో తెలుసా? ఎసెన్‌కి కూడా చెంగిజ్ రక్తమే ఉందని చివర్లో ఎవరో ఒక ముసలమ్మ చేత చెప్పించమన్నాడు. అప్పుడు ఆ వేషం తను వేసుకోవచ్చట, సమితి పద్ధతి తప్పదట. నతానీ మా ఇంట్లో మనిషేనండి, వాడంటే మాకు వేరే కాదు, కాని ఆ కూర్చునే చోట మాత్రం నాన్నగారు ఒప్పుకునేవారు కాదు అని రాశాడు. నేను పలక తుడిచి, కుదరదు అని రాశాను. అతను కాఫీ తాగి లేచాడు.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వే వెళ్ళి బాబుగారూ మీరే వేయండి అంటావని. అనేవాడివా కాదా? నీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పు.

అతను నీ మాటలు ఎందుకు నేర్చుకున్నాడో నాకూ తెలియదు. ఆశ చావక కావచ్చు. ఆ మాటలు నచ్చి కూడా కావచ్చు. మనిషి మీద నాకు కోపం రావట్లేదు, అదొక విడ్డూరం.

నీ ప్రశ్నకి జవాబు చెప్పమన్నావు. రెండు వారాలుగా ఆలోచిస్తున్నాను. నాకూ తెలియట్లేదురా. నిన్ను ఆ గొంగళి మీద కూర్చోబెట్టాలనే కలం పట్టుకున్నాను. అంతవరకు ఒట్టు. కూర్చున్నాక ఏం చేయాలో నాకు తోచలేదు. చరిత్రలో ఏం జరిగిందో అదే రాసేశాను, అది నా వృత్తి. అయితే నిజం చెప్పాలి కదా, రాస్తున్నప్పుడు నీ మీద కోపం కూడా ఉంది. అన్నేళ్ళు గుర్రం వెనక కాళ్ళు వేసినందుకు. నాన్న ఉన్నప్పుడు మనం ఎవరింటి గుమ్మం దగ్గర ఎలా నిలబడేవాళ్ళమో నాకు గుర్తుంది. నువ్వు ఇంకా అలాగే నిలబడి ఉన్నావని కోపం. ఆ కోపంలో ఎసెన్ని చంపానేమో. ప్రేమో పగో విడదీసి చెప్పమంటే చెప్పలేను.

కరీముల్లా మాట ఇక ఎత్తను. నువ్వు అధ్యక్షుడివి. నీకు తోచినట్టు చెయ్.

పోటీకి నేను రాలేను, మోకాళ్ళు సహకరించవు. ఏం జరిగినా దాచకుండా రాయి.

అక్క


చీరాల
డిసెంబరు

అక్కా,

ఇంటికి వెళ్ళాక రాద్దామనుకున్నాను, ఆగలేక ఇక్కడ లాడ్జిలోనే కూర్చుని రాస్తున్నాను. కుర్రాళ్ళు వాడరేవు సముద్రం చూస్తామని పొద్దున్నే పోయారు. దాచకుండా రాయమన్నావు కాబట్టి అన్నీ రాస్తున్నాను.

నిన్న సాయంత్రం మొదటి ప్రదర్శన మనదే. హైస్కూలు గ్రౌండు నిండిపోయింది. మొదటి రంగం బ్రహ్మాండం. బాబు 'అలాగే తైషీ' అంటుంటే జనం పగలబడి నవ్వారు. నవ్వుతారని బాబు అనుకోలేదు. మొదట కంగారుపడ్డాడు, తర్వాత ఇంకా నెమ్మదిగా అన్నాడు, ఇంకా నవ్వారు. రెండో రంగంలో చాలా బాగా చచ్చాడు. అబద్ధమెందుకు, నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

మూడో రంగం. గొంగళి పరిచారు. నేను మధ్యలో నిలబడి, ఇక నేను ఎవరినీ తేను, నేనే కూర్చుంటాను అన్నాను. నలుగురూ వచ్చి కొసలు పట్టుకోవాలి. మార్క్ వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. మిగతా ఇద్దరు కుర్రాళ్ళూ కరీముల్లా వైపు చూశారు. కరీముల్లా చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. వాళ్ళూ నిలబడిపోయారు.

అది ముందే అనుకున్నారో, అప్పటికప్పుడు జరిగిందో ఇప్పటికీ తెలియదు. అడిగితే ఒక్కొక్కడు ఒక్కో మాట చెప్తున్నాడు. జనం అదీ నాటికలో భాగమే అనుకుంటున్నారు. మార్క్ ఒక్కడే కొస పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. ఒక కొస పట్టుకుంటే ఎవరు లేస్తారక్కా, దొర్లిపడతారు.

వదిలెయ్ అని మార్క్‌కి సైగ చేశాను. నాకు నేనే కూర్చున్నాను. నేల మీదే. గొంగళి మీద, ఎవరూ ఎత్తకుండా. నువ్వు రాశావే, దుప్పటి మీద కూర్చున్న మామూలు మనిషి అని, అలాగే. చెప్పాల్సిన నాలుగు మాటలూ కూర్చునే చెప్పాను. నాకు తెలిసి ఆ మాటలు ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు.

అప్పుడు అలగ్ రావాలి. కరీముల్లా వచ్చాడు. నా ఎదురుగా నిలబడి, నీ వెనక ఇన్నేళ్ళు నడిచాను, నీ పాత పదవి నాకివ్వు అన్నాడు. నువ్వు చెప్పినట్టు అప్పుడు చూశానక్కా వాడి ముఖం. రిహార్సల్లో ఎప్పుడూ డైలాగు గుర్తుచేసుకుంటూ వాడి భుజం వైపు చూసేవాణ్ణి. కింద కూర్చుని చూస్తే ముఖమే కనిపిస్తుంది. వాడు నటించడం లేదు. పళ్ళు బిగపట్టి ఉన్నాడు, ఏడుపు ఆపుకుంటున్నాడు.

నా కొడుక్కిచ్చాను అనాలి నేను. నోరు తెరిచాను, రాలేదు. వింగులోంచి ఎవరో అందిస్తున్నారు, నా కొడుక్కిచ్చాను అనండి అని. చూస్తే చైతన్య బాబు. చచ్చిన ఖాన్ రక్తం పూసుకుని తెర వెనక నుంచి నాకు మాట అందిస్తున్నాడు. జీవితంలో మొదటిసారి నన్ను 'అనండి' అన్నాడు.

నేను కరీముల్లాతో, "తీసుకో" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. తర్వాత వాడి డైలాగు కత్తి దూసి శపించడం. చెయ్యి కత్తి మీదకి వెళ్ళి ఆగిపోయింది. నా దగ్గరికి వంగి, మైకుకి వినపడకుండా, "ఇది నాటికలోనా, నిజంగానా మాస్టారూ?" అన్నాడు.

నాకూ తెలియదురా, ముందు తీసుకో అన్నాను. మార్క్ వైపు చూశాను. వాడు తల ఊపాడు. ఆ ఊపడం నాటికలో కొడుకుదో, ఇంట్లో కొడుకుదో అది కూడా నాకు తెలియలేదు.

కరీముల్లా కత్తి తీసి కింద పెట్టి, వంగి గొంగళి కొస పట్టుకున్నాడు. కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి చెరొక కొసా పట్టుకున్నారు. మార్క్ నాలుగోది. ఎత్తారక్కా. ఎప్పుడూ ప్రాక్టీసు చేయలేదుగా, ఒకపక్కకి ఒరిగిపోయాను, గ్రానైటు పొడి పొగలా లేచింది, నలుగురూ దగ్గుతున్నారు, అయినా భుజాల దాకా ఎత్తారు.

అక్కడితో నాటిక ఆగిపోయింది. అలగ్ తిరగబడకపోతే ఎసెన్ ఎలా చస్తాడు? తర్వాత ఎవరికీ మాట లేదు. ఎంతసేపు అలా ఎత్తి పట్టుకుంటారు? ఆఖరికి బాబే తెర లాగేశాడు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన వెనక్కి వచ్చి, అలగ్ ఎసెన్ మీద తిరగబడాలి కదా, చరిత్ర అలా లేదే అన్నాడు. మా అక్కయ్య హిస్టరీ లెక్చరరండి అన్నాను. అసంపూర్ణం అని మన ప్రదర్శనని లెక్కలోకే తీసుకోలేదు. బాబుకి మాత్రం హాస్యనటుడి బహుమతి ఇచ్చారు. సంతోషించాలో వద్దో తెలియక దాన్ని సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

కరీముల్లా సెక్రటరీ అయ్యాడు. అయిన గంటలోనే మొదటి పని మొదలుపెట్టాడు. అధ్యక్షుడి ఎన్నిక అందరి ముందూ మళ్ళీ సరిగ్గా జరగాలట, వచ్చే ఆదివారం మీటింగ్ అట. పోయినసారి నేను ఒక్కణ్ణి అరిస్తే అయిపోయింది, అలా కాదు మాస్టారూ అన్నాడు. వాడు నా వైపో, ఎదుటి వైపో తెలియట్లేదు. బాబు కూడా నిలబడతాడట. నాకు కోపం రావాలి కదా, రాలేదు. ఈసారి నా పేరు నేనే ఇచ్చాను. ఓడిపోవచ్చు. కుర్రాళ్ళు ఎటు వేస్తారో వాళ్ళకే తెలియదు.

నీ నాటికని పాడుచేశాను, తిట్టు. తిట్టే ముందు ఒక్కమాట విను. వాళ్ళు ఎత్తి పట్టుకున్నంతసేపూ నేను కిందకి చూడలేదు. ఎదురుగా చూశాను. ముప్పై ఏళ్ళుగా స్టేజీల మీదే ఉన్నాను గాని నేనెప్పుడూ పక్కన నిలబడేవాణ్ణి, తలొంచి నిలబడేవాణ్ణి, నాకు ముందు వరస వాళ్ళ మోకాళ్ళే తెలుసు. నిన్న గేటు దాకా కనిపించింది. గేటు అవతల లోపలికి రాకుండా నిలబడిన ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలతో, మన పేటవాళ్ళలాంటి వాళ్ళు, వాళ్ళ ముఖాలు కూడా కనిపించాయి. వాళ్ళు నన్నే చూస్తున్నారు.

నీ తమ్ముడు
నతానియేలు